శుక్రవారం కడగని పెరడు

ఆదివారం, మార్గశిరం. ఎల్‌బీ నగర్‌లో మా మనవరాలు బాల్కనీలో పెంచుతున్న కుందేలు రెండుసార్లు ఈనింది, ఒక్క పిల్లా దక్కలేదు. వచ్చే శనివారానికి మూడో ఈత. "అమ్మమ్మా, దీనికి పిల్లలు అచ్చిరావేమో" అని ఫోన్లో ఏడ్చింది. అచ్చిరావడం అనే మాట నేను ఒప్పుకోను. తేదీలన్నీ చెప్పించుకుని రాసుకున్నాను. రాస్తుంటే పాత నోటుబుక్కు ఒకటి గుర్తొచ్చింది...

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్లకంటే ఖాళీ జాగాలే ఎక్కువ. నల్లగొండ పల్లె నుంచి వచ్చి నాయిన కట్టిన ఇంట్లో ముందు గదులు మావి. వెనక గదిలో కిరాయికి తెనాలి వైపు వాళ్లు, సుభద్ర పిన్నిగారు, బాబాయిగారు.

అరవై తొమ్మిది ఉద్యమం రోజులు. బడులు మూతపడ్డాయి. మలక్‌పేట వైపు నుంచి ఊరేగింపులు వచ్చేవి. నాకు పదేళ్లు, నా పనల్లా పెరట్లో ఉన్న జత కుందేళ్లు.

నాకు అప్పటికే రాసిపెట్టే అలవాటు. నోటుబుక్కు వెనక పేజీలో గడులు గీశాను... కలిపిన తేదీ, ఈనిన తేదీ, పుట్టినవి, మిగిలినవి.

మొదట్లో ఆ గడులన్నీ ఖాళీ. మగదాన్ని తెచ్చి ఆడదాని గూట్లో వదిలితే అది కరిచి తరిమేది. పిన్నిగారి పుట్టింట్లో కుందేళ్లు ఉండేవట. ఆడదాన్నే మగదాని గూటికి తీసుకెళ్లాలని, తన గూట్లోకి ఎవరొచ్చినా అది ఊరుకోదని ఆవిడే చెప్పారు. అలాగే చేశాను. బుధవారం మంచిరోజని అమ్మ పట్టింపు, కాబట్టి ఎప్పుడూ బుధవారమే.

ముప్పై ఒకటో రోజున ఐదు పిల్లలు... ఒంటి మీద నూగు కూడా లేనివి, వట్టి చెక్క మీద చల్లబడి పోయాయి. రెండో ఈతలో నాలుగు. అవీ అంతే. 'మిగిలినవి' గడిలో రెండు సున్నాలు.

ఈసారి కూడా దక్కకపోతే జతను మాంసానికి ఇచ్చేస్తానన్నాడు నాయిన.

మూడోసారి కలిపాక పిన్నిగారు నోటుబుక్కు చూసి, తేదీ పక్కన వారం కూడా రాయమన్నారు. కేలెండరు చూసి రాశాను. కలిపినవన్నీ బుధవారాలు. ఈనినవి రెండూ శనివారాలు. ఆవిడ ఆ శనివారాల వంకే కాసేపు చూసి, ముందురోజు పెరట్లో ఏం జరుగుతుందని అడిగారు.

శుక్రవారం మా అమ్మ పెరడు కడిగేది... గూళ్లు కూడా వంచి, లోపలి గడ్డీ బొచ్చూ ఊడ్చి పారేసి, పేడనీళ్లు చల్లేది. ఈనే ముందు కుందేలు తన బొచ్చే పీకి పిల్లలకు పరుపు వేసుకుంటుందని మాలో ఎవరికి తెలుసు?

"అక్కయ్యగారూ, అది చెత్త కాదండీ. పురిటి పక్క" అన్నారు పిన్నిగారు.



ఆ నెలలోనే గల్లీ పెద్దలిద్దరు వచ్చారు. ఆంధ్రోళ్లను ఖాళీ చేయించమన్నారు. నాయిన కూడా ఊరేగింపుల్లో నడిచినవాడే. అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"తెలంగాణ రావాలె అన్నా, నేను గూడ గదే అంట. గాని నా కుందేలు ఈని, పిల్లలు కండ్లు తెరిచేదాంక ఆమె ఏడికీ పోదు."

కుందేలుకు గూడ మంత్రసాని గావాల్నా అక్కా అని ఒకాయన వెక్కిరించాడు. ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు, మళ్లీ రాలేదు.

ఈనే ముందు శుక్రవారం అమ్మ పెరడు కడగలేదు. కాపురానికి వచ్చాక అదే మొదటిసారట. చీపురు పట్టుకుని గడప మీద కూర్చుంది కానీ దిగలేదు. శనివారం తెల్లవారి చూస్తే గూట్లో బొచ్చు కదులుతోంది... పిన్నిగారు చేతులు కడుక్కుని మెల్లగా లెక్కపెట్టారు. ఆరు. పదిహేను రోజుల తరవాత నేను లెక్కపెట్టినా ఆరే.

బడులు తెరిచాక బాబాయిగారికి తిరిగి ఆంధ్ర వైపు బదిలీ అయింది. వెదురుబుట్టలో రెండు పిల్లల్ని పెట్టి వాళ్లకు ఇచ్చింది అమ్మ. అన్నీ రాసిపెట్టే నేను వాళ్ల చిరునామా ఒక్కటి రాసుకోలేదు.

ఆ పెరడు మీద ఇప్పుడు ఐదంతస్తుల హాస్టలు. తెలంగాణ వచ్చింది, అమ్మ కళ్లారా చూసింది. వెనక గది మనిషి మన నోటుబుక్కు అడిగి చూసే రోజులు మాత్రం పోయాయి...

ఇక జరగవలసినవి:

1. మనవరాలు ఈరోజే గూట్లో చెక్కపెట్టె, ఎండుగడ్డి పెట్టాలి. కుందేలు బొచ్చు పీక్కుంటే కంగారుపడకూడదు, తీయకూడదు.

2. ఫొటోలకని స్నేహితులెవరూ గూటి దగ్గరికి రాకూడదు.

3. బుట్టలో రెండు కుందేళ్లతో హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన కథ మీ ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే, ఈ పోస్టు కింద రాయండి. పోయేదాకా మా అమ్మ పిన్నిగారి పేరు తలిచేదని వాళ్లకు తెలియాలి.

4. మా అమ్మాయికి. బుధవారం పట్టింపూ, శుక్రవారం కడుగుడూ రెండూ మీ అమ్మమ్మ నుంచే నీకొచ్చాయి. సంతోషం. ఈ శుక్రవారం మాత్రం బాల్కనీ కడగకు.