గుమ్మంలో అనని మాట

1946. బాన్సువాడ తహసీలు కచేరీలో నేను వకీలును. ఈ తాలూకాలో నా అంత నోరున్న వకీలు లేడని అనేవారు, నేనూ కాదనలేదు. కానీ నా నోరు పడిపోయిన రోజే నేను గర్వంగా చెప్పుకునే కేసు గెలిచాను.

నిజాం రాజ్యంలో సర్కారు కొలువు కావాలంటే ముల్కీ అయి ఉండాలి, అంటే ఈ రాజ్యపు మనిషి. ఎవరు ముల్కీయో తేల్చి చెప్పే అధికారం సర్కారుది. బయటివాళ్లయితే ఏళ్ల తరబడి ఇక్కడే కాపురముండాలి, తిరిగి పోయే ఉద్దేశం వదులుకున్నామని రుజువు చేయాలి. మా వృత్తిలో దీన్ని డొమిసైల్ అంటాం. మనిషితోపాటు మనసు కూడా ఇక్కడే ఉండటమన్నమాట.

వెంకట్రామయ్య నిజాంసాగర్ కాలువ నీళ్లు చూసి ఏళ్ల కిందటే కృష్ణా జిల్లా నుంచి బీర్కూర్ వచ్చి, తుప్పలు కొట్టి మడులు చేసుకున్న రైతు. కూతురు అన్నపూర్ణకు ఆడపిల్లల బడిలో పంతులమ్మ కొలువు ఖాయమైంది. తండ్రి ముల్కీ అని తేలకపోతే అది పోయినట్టే.

విచారణలో తహసీల్దారు మామూలుగానే అడిగాడు. "మీ ఊరేది?"

"మాది కృష్ణా జిల్లా అండి."

హతవిధీ! మనవాళ్లకిది అలవాటు. ఎక్కడ బతుకుతున్నా తాతల ఊరే 'మా ఊరు'.

"ఇగ ఏంది వకీల్ సాబ్? మనిషి గీడ, ఊరు గాడ!" అన్నాడు తహసీల్దారు. అన్నపూర్ణ మొహం పాలిపోయింది.

నేను లేచాను. "ఏమయ్యా, బీర్కూర్ నుంచి గాడికి పోయేటప్పుడు ఇరుగుపొరుగోళ్లకు ఏం జెప్తవు?"

"వెళ్ళొస్తానని చెప్తానండి."

"ఇన్నరా సాబ్! మళ్ల వస్తనని చెప్పి పోయెటోడు ఇక్కడోడే గద!"

తహసీల్దారు పకపకా నవ్వాడు. "గాడ్నించి ఇటు వచ్చేటప్పుడు గూడ గదే అంటడు గదా! పోతున్న అని ఎవడన్న అంటడా, అపశకునం గాదూ?"

నా అస్త్రం నాకే తగిలింది. ఇంకో వాదన కోసం కాగితాలు తిరగేశాను, దొరకలేదు. అప్పుడు వెంకట్రామయ్య నెమ్మదిగా నోరు విప్పాడు.

"లేదండీ. కిందటేడు అక్కడి ఇంట్లో నా వాటా మా అన్నకి రాసిచ్చేసి బయల్దేరేటప్పుడు, గుమ్మంలో 'వెళ్తున్నాను' అన్నానండి. మా వదిన నెత్తి కొట్టుకుంది. 'అదేం మాటయ్యా, వెళ్ళొస్తానను' అని ఏడ్చింది. నోరు రాలేదండి. ఇంక రానని తెలిసీ ఎలా అంటాను?"

తహసీల్దారు పాన్ నమలడం ఆపేశాడు. గుమస్తా వైపు తిరిగి, "రాయి. తిరిగి పోయే ఉద్దేశం వదులుకున్నడు," అన్నాడు. అన్నపూర్ణ తండ్రి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కొన్నేళ్లకు రాజ్యం మారింది. దేశపౌరులెవరో నిర్ణయించే అధికారం ఢిల్లీ పార్లమెంటుకు వచ్చింది. కొత్త రాజ్యాంగంలోనూ డొమిసైల్ మాట కనిపిస్తే, దాని అర్థం నాకు బీర్కూర్ రైతు చెప్పాడని జూనియర్ల దగ్గర గొప్పలు పోయాను. మనిషి ఏ గడ్డవాడో తేల్చాలంటే ఊరి పేరు అడిగితే చాలదు, గుమ్మంలో ఏమని బయల్దేరాడో అడగాలి.

ఆ రోజు కచేరీ మెట్లు దిగబోతూ వెంకట్రామయ్య నాకు దండం పెట్టాడు. అన్నేళ్లయినా కృష్ణా యాస వదలని మనిషి అచ్చం మా బీర్కూరోడిలా అన్నాడు:

"పోయొస్త, వకీల్ సాబ్."