మేనల్లుడికి పౌడరు పడదు

సువామే మ్యాగజైను అనే మా మెకానిక్ షెడ్ల పేటలో పనిలో చేరడం తేలిక, బయటపడటమే కష్టం. ఏ షెడ్డుకైనా పోయి, మాస్టరు ముందు ఒక మందు సీసా పెట్టి, పెద్దవాళ్ళ చేత నాలుగు మంచి మాటలు చెప్పిస్తే చాలు, మర్నాటి నుంచి చీపురు నీ చేతికొస్తుంది. బయటికి రావాలంటే మాత్రం ఆ మాస్టరే నలుగురి ముందు నీ తల మీద తెల్ల పౌడరు పోసి, "వీణ్ణి వదిలేశాను, వీడి చెయ్యి వీడిది" అనాలి. ఆ మాట పడేదాకా ఎంత పనిమంతుడివైనా శిష్యుడివే. పౌడరు పడకుండా పారిపోయినవాడికి మా పేటలో ఎవరూ పని ఇవ్వరు. ఇంకో ఊరు పోయినా వాడి చేతికి పని అచ్చిరాదని మావాళ్ళ నమ్మకం. నమ్మకమే కదా అని నవ్వేవాళ్ళు కూడా పౌడరు పడ్డాకే నవ్వుతారు.

న్యార్కో ఆ షెడ్డుకి వచ్చేనాటికి వాడికి మీసం రాలేదు. ఇప్పుడు నుదుటి మీద జుట్టు వెనక్కి పోతోంది. పౌడరు మాత్రం పడలేదు.

మాస్టరు ఎవరో కాదు, సొంత మేనమామ బదూ. మా ఆశాంతీ జాతి ఇళ్ళలో తండ్రి ఆస్తి కొడుక్కి రాదు, మేనమామది మేనల్లుడికి వస్తుంది. బదూ మామకి ఉన్న ఆస్తల్లా ఇనుము కోసే ఒక మిల్లింగ్ మెషిన్. మూతపడిన రైల్వే షెడ్డులో వేలానికి వస్తే ఆయన మేనమామ కొని తెచ్చినది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయి, ఏనుగంత బరువుతో, షెడ్డు మధ్యలో తిష్ఠ వేసుకుని ఉంటుంది. పేటలో ఇంజన్లు విప్పేవాళ్ళకి కొదవ లేదు. బేరింగు కూర్చునే గుండ్రటి రంధ్రాన్ని, అంటే బోరుని, వెంట్రుకవాసి తేడా రాకుండా కోసేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్క. వాళ్ళలో మొదటి వేలు బదూ మామది.

న్యార్కోకి ఆయన పని నేర్పిన తీరు వేరు. ముందు మెషిన్ బల్ల తుడవడం. ఇనుప పొట్టు ఒక్క రవ్వ కింద మిగిలినా పైన బిగించిన కాస్టింగు, అంటే పోత ఇనుప దిమ్మ, ఒరుగుతుంది, బోరు వంకర పోతుంది. ఆ తర్వాత డయల్ గేజ్ ముల్లు పెట్టి పాత బోరు నడిబొడ్డు వెతకడం. కోసే టూలుని పట్టి తిప్పే స్పిండిల్‌ని చేత్తో తిప్పుతూ ముల్లు ఎటూ కదలకుండా నిలిచేదాకా బల్లని జరపాలి. మొదట్లో న్యార్కోకి ఆ ముల్లు ఆడుతూనే కనిపించేది, కలలో కూడా. "ముల్లు నిలవట్లేదు మామా" అంటే, "అది నిల్చునే ఉంది, నీ గుండెకాయే ఆడతంది" అనేవాడాయన.

మొదటి బోరు న్యార్కో చెడగొట్టాడు. ఎంత పెరగాలో చూసి, డయల్ మీద అన్ని గీతలూ తిప్పేశాడు. టూలు ఒక పక్కకి జరిగితే బోరు రెండు పక్కలా పెరుగుతుందన్న సంగతి మర్చిపోయాడు. బేరింగు దాంట్లో రోకట్లో గింజలా గలగల్లాడింది.

"ఎక్కువ కోశావు గదా, ఇప్పుడు అతికించు" అన్నాడు మామ చల్లగా.

"ఎట్లా అతికిస్తారు మామా?"

"నాకూ తెలీదురా. తెలిస్తే నాకూ చెప్పు. ఇనుము తీసేవాళ్ళని చాలామందిని చూశాను, పెట్టేవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు."

ఆ రోజు నుంచి న్యార్కో చేతికి భయం పట్టుకుంది. పనివాడికి అంతకన్నా మంచి గురువు లేదు. చివరి కోతకి ముందు ఆగి, కాస్టింగు చల్లారేదాకా ముట్టుకోకూడదని నేర్చుకున్నాడు. వేడి మీద సరిపోయిన కొలత చల్లారితే బిగిసిపోతుంది. ఒకసారి కోశాక, టూలుని ఏమీ కదపకుండా అదే దారిలో ఇంకోసారి పంపాలని నేర్చుకున్నాడు. మొదటిసారి వొంగి తప్పించుకున్న టూలు రెండోసారి మిగిలిన ఆ రవ్వనీ గీకేస్తుంది. ఏళ్ళు గడిచే కొద్దీ పని కోసం వచ్చేవాళ్ళు మామని అడగడం మానేసి, "న్యార్కో ఉన్నాడా?" అని అడగసాగారు.

తనతో చేరినవాళ్ళూ, తన తర్వాత చేరినవాళ్ళూ ఒక్కొక్కరే పౌడరు పూసుకుని వెళ్ళిపోయారు. ఉత్తరాది నుంచి వచ్చిన సాలిఫు అయితే రెండు సందుల అవతలే సొంత షెడ్డు పెట్టి, గోడ మీద తన పేరు ఎర్ర రంగుతో రాయించుకున్నాడు. తన విడుదల రోజున పౌడరు మొహంతో వచ్చి న్యార్కో భుజం చరిచాడు.

"నువ్వు పులుసులో ముక్కవిరా. ఎంత ఉడికినా కుండ దాటవు."

అందరూ నవ్వారు. న్యార్కో కూడా నవ్వాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అప్పటికే వాడి జీవితంలో దూఫీ ఉంది. టెచిమాన్ ఊళ్ళో సంత దగ్గర వాళ్ళమ్మకి మొక్కజొన్న పిండి మర ఉంది. దాంట్లో బేరింగు కూర్చునే ఇనుప ఇల్లు అరిగిపోతే బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. న్యార్కో కోసి ఇచ్చిన బోరులో బేరింగు అరచేతి నొక్కుడుకే మెత్తగా దిగిపోతే, "నీ మాటలు కూడా ఇంత సాఫీగా ఉంటాయా?" అంది. ఉన్నాయనే అనిపించి ఉంటుంది, ఆ తర్వాత మర బాగున్నా వస్తూనే ఉంది. ఆమె మాట ఒకటే. మా ఊళ్ళో ఇన్ని మరలున్నాయి, బోరు కోసేవాడు ఒక్కడూ లేడు. నువ్వొచ్చి షెడ్డు పెట్టు. దొంగలా రాకు, పౌడరు పూసుకుని రా.

న్యార్కో తన తల్లి ఆంపోమాని వెంటబెట్టుకుని, సీసా పట్టుకుని మామ దగ్గరికి వెళ్ళాడు. బదూ మామ సీసా వైపు చూడనైనా చూడలేదు.

"నిన్ను విడిచిపెట్టేదేందిరా? పరాయోణ్ణి విడిచిపెడతారు. ఇంటోణ్ణి ఎవడైనా విడిచిపెడతాడా? ఈ మెషిన్ ఎవరిది? నీదే గదా."

"నాదైతే నన్ను పోనియ్యి మామా."

"నీదైతే యాడికి పోతావు?"

ఆంపోమా తన అన్న మాటకి తలూపింది. ఆమె దృష్టిలో కొడుక్కి రాజ్యం వస్తోంది. న్యార్కోకి మాత్రం ఊపిరాడలేదు. బాగా కోస్తే వారసుడు, కదలడానికి వీల్లేదు. చెడగొడితే పని రాని శిష్యుడు, అప్పుడూ కదలడానికి వీల్లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే. పైగా మామ కళ్ళు మసకబారుతున్నాయి. డయల్ మీద గీతలు కనిపించక, "ఎంతరా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఆ "ఎంతరా" విన్నప్పుడల్లా న్యార్కోకి కాళ్ళకి ఇంకో చుట్టు తాడు పడినట్టుండేది. గుడ్డివాడవుతున్న మేనమామని వదిలి పోయినవాడని మా పేటలో అనిపించుకోవడం కన్నా చావడం నయం.

అప్పుడు వాడికి ఆ పాడు ఆలోచన వచ్చింది. అందరూ చూస్తుండగా ఒక పెద్ద పని చెడగొడితే, మామే తిట్టి తరిమేస్తాడు. తరిమేసినవాడికి పౌడరు ఉండదు నిజమే, కానీ పారిపోయాడన్న పేరూ ఉండదు. పొమ్మన్న మాట మాస్టరు నోటే వస్తుంది. ఆ పాటి చాలు.

పని రానే వచ్చింది. ఒక రంపపు మిల్లు వాళ్ళు గేర్ల పెట్టె తెచ్చారు. పాతది, అలాంటిది ఇంకోటి దొరకదు. బోరు అరిగితే లోపల ఇత్తడి గొట్టం కొట్టి ఇచ్చారెవరో, దాన్నిప్పుడు కొలతకి కోయాలి. మిల్లు మనుషులు గుమ్మంలో కూర్చుని వేరుశనగలు ఒలుస్తున్నారు. మామ తన స్టూలు మీద, మెషిన్‌కి పక్కగా, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఉత్తరపు గాలి ధూళితో నడిమధ్యాహ్నం కూడా తెల్లగా మసకేసింది.

న్యార్కో పద్ధతిగా అంతా చేశాడు. నడిబొడ్డు కుదిర్చాడు, చిత్తు కోతలు కోశాడు, చల్లారనిచ్చాడు. చివరి కోతకి కీ పెట్టి, టూలుని పక్కకి జరిపే బోరింగ్ హెడ్ స్క్రూ తిప్పాడు. కావలసిన గీత వచ్చింది. ఆగలేదు. ఇంకో రెండు గీతలు దాటించాడు. ఇక స్పిండిల్ తిరిగి, టూలు దిగడమే తరువాయి. స్విచ్ మీద వేలు పెట్టాడు. వేలు నొక్కలేదు. నొక్కమని తిట్టుకున్నాడు, దూఫీని తలుచుకున్నాడు, సాలిఫు గోడ మీది ఎర్ర అక్షరాలు తలుచుకున్నాడు. అన్నేళ్ళ భయం ఆ చేతిలో పేరుకుపోయి ఉంది, అది వాడి మాట వినలేదు. చివరికి కీ మళ్ళీ పెట్టి, స్క్రూని బాగా వెనక్కి తిప్పి, దాని చుట్లలోని వదులు పోయేలా మళ్ళీ ముందుకి తెచ్చి, సరైన గీత మీద ఆపి కోశాడు. కోసి, ఏమీ కదపకుండా ఇంకోసారి పంపాడు. బేరింగు చక్కగా దిగింది. మిల్లు మనుషులు పెట్టె మోసుకుపోయారు. న్యార్కో మెషిన్‌కి తల ఆనించి ఏడ్చాడు.

"రెండుసార్లు కీ పెట్టావు" అన్నాడు మామ కళ్ళు తెరవకుండానే. "ముందుకి పోయినోడివి వెనక్కెందుకు వచ్చావు?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు వాడికి. "చెడగొడదామనుకున్నాను మామా. చెడగొడితే తరిమేస్తావని."

తిడతాడనుకున్నాడు. మామ మెషిన్ వైపు మొహం తిప్పాడు.

"నేనూ ఒకసారి తిప్పాను. ఈ మెషిన్ మీదే. నాదీ వెనక్కే వచ్చింది" అన్నాడు. "మా మామ చచ్చేదాకా నన్ను విడిచిపెట్టలేదురా. చచ్చాక విడిచిపెట్టేవాడే లేకపాయె. ఇంతమంది తల మీద పోశాను గదా, నా తల మీద ఎవరూ పొయ్యలా. దాహమేస్తా నీళ్ళమ్ముకున్నోడి బతుకు నాది."

"ఎవరికీ చెప్పలేదేం మామా?"

"అడిగినోడేడి? మెషిన్ నాది గదా, అడుగుతారా?" లేచి, తడుముకుంటూ వచ్చి వాడి వీపు మీద చెయ్యి వేశాడు. "శనివారం మీ అమ్మని రమ్మను. సీసా తెమ్మను."

శనివారం పేట పేటంతా వచ్చింది. ఆంపోమా పండగ తెల్ల బట్టలు కట్టుకుని, ఎందుకు ఏడవాలో తెలియక ఊరికే ఏడ్చింది. మామ సీసా వంచి చనిపోయిన పెద్దల పేర్లు పిలిచి నేల మీద పోశాడు. పౌడరు డబ్బా తీసి న్యార్కో తల మీద, మెడ మీద, భుజాల మీద దులిపాడు. "న్యార్కోని వదిలేశాను. వీడి చెయ్యి వీడిది." జనం కేకలు పెట్టారు. న్యార్కోకి గుండెల మీంచి ఇనుప దిమ్మ దింపినట్టయింది. ఇక టెచిమాన్ బస్సెక్కడమే.

అప్పుడు మామ టోపీ తీసి, డబ్బా వాడి చేతిలో పెట్టి, వాడి ముందు తల వంచాడు.

"ఇప్పుడు నువ్వు మాస్టరువి. నాక్కూడా పొయ్యి."

 "ఇదేం ఆచారం?" అని ఒక పెద్దాయన గొణిగాడు. సాలిఫే అరిచాడు, "పొయ్యరా! ముసలాయన మెడ పట్టేసుద్ది!" న్యార్కో పోశాడు. సగం నేలపాలైంది. "బదూ మామని వదిలేశాను" అన్నాడు.  నెరిసిన జుట్టు మీద తెల్ల పౌడరుతో ఆ ముసలాయన చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

సోమవారం పొద్దున న్యార్కో షెడ్డుకి వచ్చేసరికి మామ ఒక సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిల్చుని ఉన్నాడు. తాళంచెవి వాడి అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూశాడు.

"యాడికి మామా?"

"ఊరికి. కోకో తోటలోకి. ఊళ్ళో ఉన్న ఇంకో చెల్లెలి మనవరాలు చెయ్యి పట్టుకు నడిపిస్తానంది."

"మరి మెషిన్?"

"విడుదలైనోడు షెడ్డులో ఉంటాడంట్రా?" అన్నాడు మామ. ఆ మొహంలో అంత వెలుగు న్యార్కో ఎప్పుడూ చూడలేదు. కర్ర ఆనించుకుంటూ వ్యాను దగ్గరికి నడిచిపోయాడు, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

ముసలాయన పన్నాగమని కొందరంటారు. కాదనే నా నమ్మకం. తలుపు తెరుచుకుంది, ఎవరికి ముందు కాలు ఆడితే వాళ్ళు బయటపడ్డారు. న్యార్కోకి కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఎవరి మీద పడాలి? ఆ మనిషిని వదిలేశానన్నది తనే కదా, నలుగురి ముందు, సొంత నోటితో. మెషిన్‌ని వదిలేసి పోదామంటే, బల్ల మీద ఎవరిదో పంపు కాస్టింగు బిగించి ఉంది. గుమ్మంలో ఇంకో మూడు వరసలో ఉన్నాయి.

మధ్యాహ్నం దూఫీ ఫోన్ చేసింది. "పౌడరు పడిందంటగా! ఎప్పుడొస్తున్నావు?"

న్యార్కో కాస్టింగు మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఒక పని మీద ఉన్నానే. ఇంకా వేడిగా ఉంది. చల్లారాక చెబుతా."

 దూఫీ వెనకాల పిండి మర చప్పుడు వినిపించింది, వాడు కోసిన బోరులో ఏ కీచూ లేకుండా తిరుగుతున్న బేరింగు చప్పుడు. "సరే, చల్లారనీ" అని పెట్టేసింది.

"మాస్టర్!" అని గుమ్మంలోంచి ఎవరో కేకేశారు.

న్యార్కో అలవాటు చొప్పున మామ స్టూలు వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది. ఆ మనిషి ఇంకోసారి పిలిచాడు. "వస్తున్నా" అన్నాడు న్యార్కో.