శ్రీకాళహస్తిలో ఉందన్న రెండో సీడీ

డబ్బా మూత తీయగానే కుట్టుమిషన్ నూనె వాసన గుప్పుమంది. లోపల ఉన్నవి మిషన్ సామాన్లు కావు, సినిమాలు. చిన్నతనం అనగానే కొందరికి తొలకరి మట్టి వాసన గుర్తొస్తుందట. నాకు మిషన్ నూనె గుర్తొస్తుంది. ఎవరి ప్రాప్తం వారిది. ఆ రేకు డబ్బాను పోయిన ఆదివారం కమలమ్మగారు శ్రీకాళహస్తి నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తిరుపతిలో మా ఇంటికి తెచ్చారు. ఆవిడ మా సుగుణత్త చెల్లెలు. అత్త పోయి ఏడు నెలలైంది. డబ్బా నాకే ఇవ్వాలని ముందే చెప్పిపెట్టిందట. మా అక్క కూతురు చిన్ని కోసం నేను హాల్లో ఒక అర నిండా పిల్లల బొమ్మల సినిమాలు పోగుచేస్తున్న సంగతి అత్తకు తెలుసు. "నీ అరలో నా సరుకు లేకపోతే అది అర ఎట్లయితాదిరా?" అని ఒకసారి ఫోన్‌లో ఎగతాళి కూడా చేసింది.

సుగుణత్త మాకు చుట్టం కాదు. ఎదురింట్లో ఉంటూ వీధి మొత్తానికీ జాకెట్లు కుట్టేది. కొలతలకు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, వాళ్ళ వెంట పిల్లలు వచ్చేవాళ్ళు, వచ్చిన పిల్లలు నేరుగా కత్తెర దగ్గరకు పోయేవాళ్ళు. వాళ్ళను కత్తెర నుంచి దూరం పెట్టడానికి ఆవిడ ఒక టీవీ, ఒక సీడీ ప్లేయరు, ఆ తర్వాత ఒక్కొక్కటిగా కంప్యూటర్లో చేసిన బొమ్మల సినిమాలు కొన్నది. అన్నీ ఇంగ్లీషువే. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు 'లైనింగు, హుక్సు, ఫాల్సు'. వాటితో ఏ సినిమా కథా తేలదు కాబట్టి సౌండు మొత్తం తీసేసి కథ తనే చెప్పేది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, కాళ్ళతో మిషన్ తొక్కుతూ, అన్ని గొంతులూ తనే. తెర మీద వాన పడితే మిషన్ జోరుగా తొక్కేది. సూదులు రాలిపోకుండా మాట్లాడాలి కనుక విలన్లందరూ పళ్ళు బిగించే మాట్లాడేవాళ్ళు. ఒక తోడేలైతే అచ్చం మా వీధి చివరి ఇంటి ఓనరు గొంతుతో "మోటరు ఆపండ్రా, ట్యాంకు నిండిపోయినాది" అని గర్జించేది. పదేళ్ళు వచ్చేదాకా తోడేళ్ళ ప్రధాన సమస్య నీళ్ళ ట్యాంకే అనుకున్నాను.

ఆవిడకు ఒక నియమం ఉండేది. ఏ సినిమా అయినా ముందు తను ఒక్కతే కూర్చుని చివరిదాకా చూడాలి. పిల్లలు ఎక్కడ జడుసుకుంటారో, ఎక్కడ ఏడుస్తారో తెలుసుకుని, అక్కడ కథను కాస్త సర్దాలి. చూడటం పూర్తయిన సీడీ కవరు మీద ఒక ఎర్రటి బొట్టుబిళ్ళ అతికించేది. బిళ్ళ లేని సీడీ ముట్టుకోకూడదు. భర్త పోయాక ఆవిడ బొట్టు పెట్టుకోవడం మానేసింది, ఇంట్లో బిళ్ళల అట్టలు మాత్రం మిగిలిపోయాయి. ఎవరో అడిగితే, "నా మొకానికి లేకపోతే మాన్లే మే, వీటి మొకానికన్నా ఉండనీ" అని నవ్వేసింది. నాకు అప్పుడు అది జోకులాగే వినిపించింది. జోకులు నేర్పిన మనిషి కదా, దేనికి నవ్వాలో కూడా ఆవిడే చెప్పేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మను గుండె ఆపరేషన్ కోసం నాయన వేలూరుకు తీసుకుపోయాడు. అక్కను మా అవ్వ దగ్గరికి పంపారు. బడి ఉందని నన్ను సుగుణత్త ఇంట్లో ఉంచారు. మొదటి రెండు రోజులు నేను సరిగా అన్నం తినలేదు. మూడో రోజు డబ్బాలోంచి ఒక కొత్త సినిమా లాగాను. అప్పట్లో ఒక్కో సినిమా రెండు సీడీల్లో వచ్చేది. మొదటి సీడీ కవరు మీద బిళ్ళ ఉంది కాబట్టి అడగకుండా పెట్టేశాను. అత్త ఎవరి భుజం కొలతో తీసుకుంటూ ఇటు తిరిగేసరికి సినిమా మొదలైపోయింది. అందులో ఒక తల్లి జంతువు, ముగ్గురు పిల్లలు. తోక అట్లకాడలాగా చదునుగా ఉండేది. తిరుపతిలో అలాంటి జంతువు ఎవరూ చూసి ఉండరు కాబట్టి అత్త దాన్ని పందికొక్కు అని ప్రకటించింది. కట్టెలతో ఏటికి అడ్డంగా కట్ట కట్టుకుని దాంట్లోనే కాపురముంటాయి. వరద వస్తుంది. పిల్లల్ని ఒడ్డుకు తోసి తల్లి కొట్టుకుపోతుంది. అక్కడ మొదటి సీడీ అయిపోతుంది.

"అత్తా, వాళ్ళమ్మ ఏమైంది?"

ఆవిడ డబ్బాలోకి చూసింది. మూత పెట్టేసింది. "రెండోది ఈడ ల్యా అబ్బోడా. శ్రీకాళస్తిలో మా కమల కాడ ఉండాది."

"తెప్పించు."

"తెప్పిస్తాలే. సినిమా యాడికి పోతాది?"

మర్నాడు అడిగితే కమల ఊర్లో లేదంది. ఆ మర్నాడు బస్సులు సరిగా లేవంది. మనమే పోయి తెచ్చుకుందామని నేను తెలివైన ప్రతిపాదన చేశాను. "అంత దూరం దేనికప్పా? మొదటిదే ఇంకోతూరి సూద్దాం రా" అంది. అమ్మ వేలూరులో ఉన్న ఆ పన్నెండు రోజుల్లో మొదటి సీడీ పదిసార్లైనా చూసి ఉంటాం. బొమ్మలు మారలేదు, మాటలు మాత్రం పెరుగుతూ పోయాయి. మొదట్లో తల్లి "పరిగెత్తండి" అని మాత్రమే అనేది. నాలుగోసారికి "తలకు నూనె పెట్టుకోండి" చేరింది. ఏడోసారికి వరద ముంచుకొస్తున్నా నిలబడి, "మజ్జిగన్నం గిన్నెలో ఉండాది. నేనొచ్చేదాకా అత్త మాట ఇనండి" అంటోంది.

"అడవిలో అత్త ఎవరు?" అని అడిగాను.

"నీకెందుకు, నోర్మూసుకోని సూడు" అంది అత్త.

ఆపరేషన్ రోజు ఫోను సాయంత్రం దాకా మోగలేదు. ఫోను ఉన్నది ఆవిడ ఇంట్లోనే. ఆ రోజు సినిమా లేదు. ఆవిడ పొద్దుటినుంచి ఒకే జాకెట్టు పట్టుకుని కూర్చుంది. చివరికి పైకెత్తి చూస్తే రెండు చేతులూ ఎడమవే. ముప్పై ఏళ్ళుగా కుడుతున్న మనిషి. "ఇది ఎవరికత్తా?" అని అడిగితే, "ఎవురో ఒకరికి సరిపోతాదిలే" అంది. అప్పుడు మోగింది ఫోను. నాయన ఏం చెప్పాడో నాకు వినపడలేదు. "బాగుండాదంట్రా. కండ్లు తెరిసినాదంట" అని నాతో చెప్పి, పోయి మిషన్ ముందు కూర్చుని జోరుగా తొక్కడం మొదలుపెట్టింది. సూదిలో దారం లేదు. కింద గుడ్డ కూడా లేదు. నేను ఆ సంగతి చెప్పాను కూడా. ఆవిడ వినలేదు, సినిమాలో పెద్ద వాన పడుతున్నట్టు తొక్కుతూనే ఉంది.

తర్వాత అమ్మ సగమై తిరిగొచ్చింది. ఆటో దిగీ దిగకముందే నా తల చూసి, "ఆ జుట్టేందిరా, అడివిలో పెరిగినావా?" అంది. ఆ తిట్టుతో నా కడుపు నిండిపోయింది. పందికొక్కుల్ని ఆ క్షణమే మర్చిపోయాను. రెండో సీడీ ఊసు మళ్ళీ ఎత్తలేదు. అత్తా ఎత్తలేదు.

కమలమ్మగారు కాఫీ తాగుతుంటే నాకు అది గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళ బాకీ వసూలు చేసేవాడిలా అడిగాను, "అప్పుడు ఒక సినిమా సీడీ మీ దగ్గరే ఉండిపోయింది కదా?"

ఆవిడ గ్లాసు దించింది. "నా కాడా? అప్పుడు మా ఇంట్లో టీవీనే లేదు కదా నాయనా."

ఆవిడ వెళ్ళాక డబ్బాలో వెతికాను. ఎంతో సేపు పట్టలేదు. మొదటి సీడీ వెనకాలే రెండోది ఉంది, గీత కూడా పడకుండా. డబ్బాలో ఉన్న ప్రతి కవరు మీదా బిళ్ళ ఉంది. దాని మీద మాత్రం లేదు. అన్నీ ముందే చూసి పెట్టుకునే మనిషి ఆ ఒక్కటీ చూడలేదు. నేను ఏడుస్తానని దాచిందనుకున్నాను. తను కూడా చూడలేకపోయిందని కవరు చూశాకే తెలిసింది.

నియమం ప్రకారం నేనొక్కడినే ముందు చూడాలి. ల్యాప్‌టాప్‌కు పాత డ్రైవు తగిలించి సీడీ పెట్టాను. అది రెండుసార్లు మూలిగింది. ఆ మూలుగుకు అమ్మ చిక్కుడుకాయల పళ్ళెంతో వచ్చి కూర్చుంది, అమ్మ వెనకే చిన్ని. ఎందుకైనా మంచిదని ఆపే మీట మీద వేలు పెట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళవాడికి పందికొక్కు గురించి గుండె దడ రావచ్చునా అంటే, వచ్చింది. పది నిమిషాలు కూడా గడవలేదు, ఏటి మలుపు దగ్గర ఒక దుంగ మీద తల్లి పడుకుని ఉంది. తోకకు చిన్న దెబ్బ. పిల్లలు అరిస్తే కళ్ళు తెరిచింది. అంతే. మిగతా సినిమా అంతా కొత్త ఇల్లు కట్టుకోవడమే.

నేను మీట మీది వేలు తీశాను. అమ్మకు పన్నెండు రోజుల కథా చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీయడం ఆపింది.

"ఇంత మాత్రానికా దాసిపెట్టింది? ఒక్కతూరి సూసింటే ఆమెకైనా నిద్ర పట్టేది కదరా."

"నువ్వొచ్చేదాకా చూసే ధైర్యం లేదమ్మా. వచ్చినాక చూసే పని లేదు."

అమ్మ పళ్ళెం పక్కన పెట్టింది. లేచి, బాత్రూమ్ అద్దం మీద వరుసగా అతికించి ఉన్న బిళ్ళల్లో ఒకటి ఊడదీసుకొచ్చి ఆ కవరు మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది. ట్యాంకు ఖాళీ అవుతుందని తోడేలు గొంతుతో హెచ్చరించాలనిపించింది. మొదటిసారిగా ఒక జోకు మింగేశాను.

ఇప్పుడు ఆ రెండు సీడీలూ అరలో పక్కపక్కనే ఉన్నాయి. నేను కొత్తగా ఏ సినిమా చేర్చినా ముందు చివరిదాకా చూసి బిళ్ళ పెడుతున్నాను. బిళ్ళలు అయిపోతున్నాయని అక్క సణుగుతోంది. చిన్నికి పందికొక్కుల సినిమా అప్పుడే మూడోసారి. నిన్న ఇంగ్లీషు మాటలు విసుగొచ్చి, "సౌండ్ తీసెయ్ మామా, నువ్వు చెప్పు" అంది. తీసేశాను. నోట్లో గుండుసూదులు లేకపోయినా పళ్ళు బిగించాను. వరద వచ్చింది. తల్లి నిలబడి, "తలకు నూనె పెట్టుకోండి, మజ్జిగన్నం గిన్నెలో ఉండాది" అంది.

"మజ్జిగన్నం కాదురా" అని వంటింట్లోంచి అమ్మ కేక. "వేలూరుకు పోయే పొద్దు నేను పులిహోర సేసిపెట్టి పోయినాను. సరిగ్గా సెప్పు!"