మిర్యాలగూడలో తీసేసిన ముక్క

నా ఉద్యోగంలో ఆఖరి పోస్టింగు సూర్యాపేటలో. అక్కడొక పాత థియేటర్‌ను డిజిటల్‌కు మార్చాక, ప్రొజెక్షన్ ఇన్‌చార్జిగా నన్ను కోదాడ నుంచి పిలిపించారు. నేను రిటైరయ్యే ముందటి వేసవిలో, మా తరం వాళ్ళు మర్చిపోలేని ఒక ప్రేమకథను అసలు నెగెటివ్ నుంచి శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారు. ఇంటర్మీడియట్ చదివే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి కథ. హక్కుల తగాదాలో పడి ఆ సినిమా టీవీకి గాని, క్యాసెట్లకు గాని ఎప్పుడూ రాలేదు. పాటలు రేడియోలో మిగిలాయి. కథ చూసినవాళ్ళ జ్ఞాపకంలో మిగిలింది.

అది మొదట వచ్చినప్పుడు నేను కోదాడలో కొత్తగా లైసెన్సు తీసుకున్న ఆపరేటర్‌ని. మా వైపుకంతా ఒకటే ప్రింటు వచ్చేది. ముందు మిర్యాలగూడలో ఆడి, జనం పలచబడ్డాక రీళ్ళ డబ్బాలు బస్సు మీద మాకు వచ్చేవి. రెండు మిషన్లుండేవి. ఒక రీలు అయిపోవస్తుంటే తెర మూలన చిన్న చుక్క కనిపిస్తుంది, అది చూసి రెండో మిషన్‌కు మారాలి. ఫిల్ము తెగితే ఆ చోట రెండు ఫ్రేములు కోసి ఫిల్ము సిమెంటు అనే జిగురుతో అతికించాలి. ఆ అతుకును జాయింట్ అంటాం.

ఆ సినిమా చివరి రీల్లో నాకు ప్రాణమైన చోటొకటి ఉండేది. అబ్బాయి చదువు కోసం ఊరు విడిచి వెళ్తున్నాడు. అమ్మాయిని స్టేషన్‌కు రమ్మన్నాడు. అమ్మాయి బయలుదేరి వాకిట్లో ఆగి, వెనక్కి తిరిగి ఇంటిని చూస్తుంది. వెంటనే రైలు. కిటికీ పక్కన అబ్బాయి ఒక్కడే. మాట లేదు, సంగీతం లేదు. ఆమె రాలేదు, అంతే. ఎందుకు రాలేదో చెప్పకుండా వదిలేసిన ఆ దర్శకుడి ధైర్యాన్ని నేను ఎన్నోసార్లు మెచ్చుకున్నాను. సినిమా మీద చదివిన పుస్తకాలన్నీ ఆ ఒక్క చోటుకు తెచ్చి ముడిపెట్టాను. కోదాడలో కాలేజీ పిల్లలకు ఒకసారి దాని గురించే గంటసేపు చెప్పాను.

ఇంట్లో మాత్రం ఆ ఉపన్యాసం చెల్లేది కాదు. నా భార్య విజయ మా మేనమామ కూతురు, మిర్యాలగూడలో పెరిగింది. ఆ సినిమాను మొదటి వారంలోనే వాళ్ళ అక్క పద్మతో కలిసి చూసింది. అక్కతో చూసిన ఆఖరి సినిమా అదే. ఆ వానాకాలంలో పద్మ జ్వరంతో పోయింది.

"ఆమె స్టేషన్‌కు పోయింది బావా," అనేది విజయ. "ఇద్దరికీ టిఫిన్ బాక్స్ కట్టుకొని పోయింది. అప్పటికే రైలెల్లిపోయింది. బెంచీ మీద కూసొని ఒక్కతే తిన్నది. నేను ఏడుస్తుంటె అక్క చెవుల చెప్పింది, నువ్వెందుకేడుస్తవే, ఆమెనే తింటాంది సూడు అని."

"అసుమంటి సీనే లేదు. రోజుకు నాలుగాటలు ఆడిచ్చినోణ్ణి నాకు తెల్వదా?"

"నువ్వు సినిమా సూసినవా, మిషన్ సూసినవా?"

మొదట్లో ఇది నవ్వులాట. తర్వాత చుట్టాలు కూడా నా వైపే మాట్లాడారు. ఆపరేటర్‌కు తెలియని సీను ఉంటుందా అన్నారు. కొన్నేళ్ళకు విజయే తగ్గింది. "నాకే కలొచ్చిందేమో" అంది. సీను లేకపోతే, అక్క చెవిలో చెప్పిన మాటా లేనట్టే. పిల్లలకు పెద్దమ్మ గురించి చెప్పేటప్పుడు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు సినిమా హార్డ్ డిస్కులో వస్తుంది. దాన్ని తెరిచే తాళం విడిగా మెయిల్‌లో వస్తుంది. ఏ థియేటర్‌కు, ఏ తేదీలకు ఇచ్చారో అక్కడ, అప్పుడు తప్ప అది పనిచేయదు. విడుదలకు ముందు ఒక ఉదయం ఖాళీ హాల్లో సినిమా మొత్తం వేసి చూసి, బొమ్మ, శబ్దం సరిగా ఉన్నాయని ఇన్‌చార్జి చెప్పాలి. ఆ ఉదయం విజయ కూడా వస్తానంది. మధ్య వరుసలో కూర్చున్నాం.

అమ్మాయి వాకిట్లో ఆగింది. వెనక్కి తిరిగింది. నేను రైలు కోసం చూస్తున్నాను. రైలు రాలేదు. అమ్మాయి గడప దాటి వీధిలోకి నడిచింది.

నేను లేచి నిలబడ్డాను. డిస్కు తప్పు వచ్చిందనుకున్నాను. బూత్‌లోకి పరిగెత్తి ఆపాలనుకునేంతలో సీను మారింది. తెర మీద ఖాళీ ప్లాట్‌ఫాం. అమ్మాయి చేతిలో స్టీలు క్యారియర్.

"ఇప్పుడు మూత తీసి పక్కకు పెడ్తది," అంది విజయ, చూపు తిప్పకుండా. "గిన్నెలు రెండుంటయి. ఒకటే తీస్తది."

ఒకటే తీసింది. ఏడవలేదు. అన్నం కలుపుకొని, ఆకలిగా ఉన్న మనిషి తిన్నట్టు తిన్నది. రెండో గిన్నె మీద మూత పెట్టింది. ఆ తర్వాత వచ్చింది, నాకు తెలిసిన రైలు.

"అక్క అన్నది నిజమే," అంది విజయ. కాసేపటికి నా చొక్కా పట్టి లాగింది. "కూసో బావా, ఎనకోళ్ళకు అడ్డమున్నవ్."

వెనక ఎవరూ లేరు.

మధ్యాహ్నం మిర్యాలగూడకు, సత్తయ్యకు ఫోన్ చేశాను. ఆ ప్రింటును మొదట ఆడించిన చీఫ్ ఆపరేటర్ ఆయనే. నాకంటే చాలా సీనియర్. సీను చెప్పగానే గుర్తుపట్టాడు.

"అన్నం తినే ముక్కనా? రెండో వారంల నేనే తీసిన. ఫస్ట్ షో ఇడిసేసరికి ఊర్లకు ఆఖరి బస్సు పోతాంది. జనం సగం సినిమాల లేసిపోతున్రు. జర తగ్గియ్యమన్నడు ఓనరు. పాట తీస్తె కుర్సీలు ఇరగ్గొడ్తరు, ఫైటు తీస్తె నన్ను ఇరగ్గొడ్తరు. గీమె ఉత్తగ తినుడే గదా అని తీసిన."

అలా తీసిన ముక్కను డబ్బాలో దాచి, ప్రింటు ఊరు దాటేటప్పుడు మళ్ళీ అతికించి పంపడం మా పద్ధతి. ఆ సంగతి అడిగాను.

"యాది మర్సిన," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "జాయింట్ కనవడ్డదా నీకు?" అని అడిగాడు.

కనబడింది. రీలు చుట్టేటప్పుడు వేలికి తగిలేది కూడా. ఎక్కడో తెగితే అతికించారనుకున్నాను. మాట, సంగీతం లేని చోటు చూసి కోశాడు కాబట్టి శబ్దం ఎక్కడా ఎగరలేదు. ఇన్నేళ్ళూ నేను దర్శకుడికి అంటగట్టిన ధైర్యం, ఊళ్ళకు పోయే ఆఖరి బస్సు కోసం సత్తయ్య వేసిన కత్తెర. ఆ మాట ఆయనతో అనలేదు. "మంచి జాయింటే అన్నా," అన్నాను. ఆయన సంతోషించాడు.

ఆ సాయంత్రమే విజయ పిల్లలిద్దరికీ ఫోన్ చేసి వాళ్ళ పెద్దమ్మ అన్న మాట చెప్పింది. వాళ్ళు అంతకుముందు దాన్ని ఎప్పుడూ వినలేదు. పోయిన చలికాలంలో విజయ చనిపోయింది.

ఆ సినిమా నేను మెచ్చుకున్నదాని కంటే మంచి సినిమా. ఆ అమ్మాయి మాట తప్పలేదు. ఆలస్యమైంది, తర్వాత ఆకలైంది. ఆ వయసు గురించి అంత నిజమైన దృశ్యాన్ని నేను మళ్ళీ చూడలేదు.

మిగిలిన సర్వీసులో నా కింద పనిచేసినవాళ్ళకు ఒక సంగతి చెప్పాను. ఆపరేటర్‌కు తెలిసేది తన చేతికొచ్చిన ప్రింటు మాత్రమే. మనం చూడని సీను ఎవరైనా చెబితే, లేదనకూడదు. ఏ ఊళ్ళో, ఎన్నో వారంలో చూశారో ముందు అడగాలి.