ఓ గంట కంప్యూటర్ ఇస్తావా

మా లెక్కల మాస్టారు పోయారని పోయిన వారం మిరపకాయల కోల్డ్ స్టోరేజీ గుమాస్తా గారు ఫోన్ చేశారు. ఈ గుమాస్తా గారి గురించి మాస్టారు చెప్తే వినడమే కానీ ఎప్పుడూ చూడలేదు. మాస్టారి ఫోన్‌లో నా నంబరు 'డొక్కు కంప్యూటర్ అమ్మాయి' అని ఉందట. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది.

మాస్టారు గుంటూరు కాలేజీలో మాకు లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక చదరంగం ఆడే ప్రోగ్రామ్ ఒకటి రాసుకున్నారు. దాన్ని కొంచెం మార్చడం, పాతదానికీ కొత్తదానికీ పోటీ పెట్టడం, గెలిచినదాన్ని ఉంచుకోవడం, ఇదే ఆయన పని. ఆ పోటీలు రకరకాల కంప్యూటర్ల మీద జరగాలనేవారు. "పెద్ద మెషిన్ మీద ఎవడైనా గెలుస్తాడమ్మాయ్. నీ డొక్కు మీద కూడా గెలవాలి" అనేవారు. నాకు కూడు పెట్టే కంప్యూటర్‌ని ఇంకెవరైనా ఆ మాటంటే ఊరుకునేదాన్ని కాదు. ఇంట్లోనే టైపింగ్ పని చేసుకుని బతికేదాన్ని.

పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో వేసుకొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి అడిగేవారు. "ఓ గంట కంప్యూటర్ ఇస్తావా?" ఆట మొదలుపెట్టి, తెరకు వీపు పెట్టి కూర్చునేవారు. అదేమిటండీ అంటే, "చూస్తూ కూర్చుంటే దానికి సిగ్గేస్తుంది" అనేవారు. ఇక టీ, పత్తికి పట్టిన పురుగు, నా కూరలో ఎక్కువైన ఉప్పు, అన్నీ మాటల్లోకి వచ్చేవి. ఆట ముగిసి చాలాసేపయ్యాక గానీ వెనక్కి తిరిగేవారు కాదు.

ఒక ఎండాకాలం కొత్తదాన్ని కోల్డ్ స్టోరేజీ కంప్యూటర్ మీద, పాతదాన్ని నా కంప్యూటర్ మీద పెట్టి ఇంటర్నెట్‌లో ఆడించారు. కొత్తది వరసగా ఓడింది. తను చేసిన మార్పు దండగనుకుని తీసిపారేశారు. తర్వాత కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పెట్టె విప్పితే ఫ్యాను నిండా ఎర్రటి మిరప దుమ్ము! గాలాడక వేడెక్కి పాపం అది నడవలేకపోయింది. ఆఫీసంతా తుమ్ములేనట. "నా మంత్రిని మిరపకాయ తినేసిందమ్మాయ్" అని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టారు.

ఆయన ఎండకు పడే అవస్థ చూడలేక ఒకసారి అడిగాను.

"మాస్టారూ, మీ ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్‌లో నా కంప్యూటర్ నడపొచ్చండీ. నేను పెట్టిస్తాను."

"వద్దులే. ఫ్యాను ఎట్లా తిరుగుతుందో చెవితో వినాలి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన వచ్చిన ఆ గంట తప్పిస్తే నా ఇంట్లో మాట వినపడేది కాదు. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

అంత్యక్రియలయ్యాక ఆయన ఇంటికి మొదటిసారి వెళ్ళాను. గుమాస్తా గారు వచ్చారు. మాస్టారు పెన్‌డ్రైవ్‌తో వెళ్ళే చర్చి ఆఫీసులో పనిచేసే అమ్మాయీ వచ్చింది. మాస్టారి తమ్ముడి కూతురు గది తలుపు తీసి, బల్ల మీద దుప్పటి లాగింది. కింద పెద్ద కంప్యూటర్ ఉంది.

చర్చి అమ్మాయి దాన్ని ఆన్ చేసి నోరు తెరిచింది. "ఇంత మెషినా! మన దగ్గర చేసిన పోటీలన్నీ దీంట్లో ఒక్క పూట పని గదండీ. డొక్కుదానిలా నడవమన్నా నడుస్తుంది."

"మరి అంత ఎండలో ఎందుకు తిరిగినట్టండీ ఆయన?" అన్నారు గుమాస్తా గారు.

మాస్టారి తమ్ముడి కూతురు మర్యాదకు "కూర్చోండి" అని, గదంతా చూసి ఆగిపోయింది. అక్కడ ఉన్నది ఒకటే కుర్చీ.