మా నాన్న నడిపిన ఇటలీ కారు

మా ఊరు ఉద్దానంలో, సముద్రం హోరు వినిపించేంత దగ్గర. మా పెరట్లో కొబ్బరి కమ్మల పాక కింద, ఆవు ఉండాల్సిన చోట, ఒక ఇటలీ స్పోర్ట్స్ కారు ఉండేది. నేను టీచరుగా చేరిన కొత్తలో ఈ మాట తోటివాళ్ళకి చెబితే, కోతలకైనా హద్దుండాలమ్మా అన్నారు. ఒక ఆదివారం భోజనానికి పిలిచి చూపించాను. తిన్నది అరిగేదాకా దాని చుట్టూ తిరిగారు.

అది మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన ఒక విదేశీ డాక్టరమ్మది. మా నాన్న ఆ ఆసుపత్రి జీపు డ్రైవరు. ఆవిడ ఆ కారుని ఓడలో విశాఖపట్నం రేవుకి తెప్పించుకుందట. ఇద్దరే పట్టే కారు, స్టీరింగ్ ఎడమ వైపు. స్వదేశం వెళ్ళిపోతూ తాళాలు మా నాన్న చేతిలో పెట్టింది. కొన్నాళ్ళు నడిపాడు. తర్వాత కార్బురేటర్ పోయింది. ఈ చుట్టుపక్కల దొరికే వస్తువు కాదు కనుక కారు పాకలో కూలబడింది.

దాని చరిత్ర డాక్టరమ్మ నాన్నకి చెప్పింది, నాన్న మాకు చెప్పాడు, కాబట్టి మధ్యలో కొంత ఉప్పూకారం కలిసే ఉంటుంది. ఉత్తర ఇటలీలో ఒక చిన్న ఊరు, అందులో ఒక కమ్మరి కుటుంబం. తాత బండిచక్రాలకి పట్టాలు వేశాడు, కొడుకు సైకిళ్ళు చేశాడు, మనవడికి పందేల పిచ్చి పట్టి కార్ల మీద పడ్డాడు. సొంతంగా ఇంజను చేసుకునే స్తోమత లేక అక్కడి పెద్ద కంపెనీ ఇంజనే తెచ్చి బిగించేవారు. ఒళ్ళు మాత్రం వాళ్ళ చేతి పనే. రేకుని చెట్టు మొద్దులో తొలిచిన గుంట మీద పెట్టి, చెక్క సుత్తితో కొట్టి కొట్టి వంపు తెచ్చేవారు. అందుకే కారు కుడి బుగ్గకీ ఎడమ బుగ్గకీ వెంట్రుకవాసి తేడా ఉండేది. ముక్కు మీద నీలం బిళ్ళ, దాని మీద కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలి బొమ్మ. పందేలు గెలిచి, పేరు తెచ్చుకుని, చివరికి నిలదొక్కుకోలేక మూసేశారట. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నాన్న సొంత అన్నదమ్ములు చితికిపోయినట్టు దిగులు పడేవాడు.

మా వైపు ఉప్పుగాలికి ఇనుమూ చెక్కా నిలవవు. అందుకని వానలకి ముందు పడవలకీ పాక గుంజలకీ జీడి నూనె పూస్తారు. జీడిపిక్కల తొక్కు నుంచి దిగే నల్లటి నూనె అది. చేతికంటితే చర్మం ఊడుతుంది, చెక్కకంటితే చెద దగ్గరికి రాదు. మా అమ్మ పలాస ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. ఆవిడకి పడవైనా, గుంజైనా, ఇటలీ కారైనా ఒకటే. ఏటా గుంజలకి పూయగా మిగిలింది కారుకి పూసేది. పైనా కిందా అయ్యాక, నూనె ఇంకా మిగిలితే తోలు సీట్లకి కూడా. ఎర్రటి కారు కాకి నలుపయింది. రాణిలాంటి కారుకి తారు పూశావని నాన్న ఏటా ఒక పూట అన్నం మానేసేవాడు. అమ్మ బతిమాలేది కాదు, ఆ పూట చేపల పులుసు పెట్టేది. సాయంత్రానికి అలక తీరేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాన్న కాళ్ళు పొంగాయి. ఇంటికొకరికి కిడ్నీ జబ్బున్న మా ఊళ్ళో, కాళ్ళు పొంగితే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. టెక్కలిలో పరీక్షలు చేసిన డాక్టరు, కిడ్నీలు చాలావరకు పోయాయి, విశాఖపట్నంలో డయాలసిస్ మొదలుపెట్టాలి, ఆలస్యం చేస్తే ప్రాణానికి ముప్పు అన్నాడు. నాన్న విని, బుద్ధిగా తలాడించి, ఇంటికొచ్చాక వెళ్ళనన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. మా ఊళ్ళో ఎవరైనా కిడ్నీలకని విశాఖ బయలుదేరితే వీధి మొదట్లో అద్దె జీపు ఆగుతుంది. ఊరంతా వస్తుంది. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, ఆడవాళ్ళు గడ్డం పట్టుకుని ఏడుస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ జీపు ఎక్కిన మనిషికి అక్కడే సగం ప్రాణం పోతుంది. నేనూ అమ్మా ఎంత మొత్తుకున్నా నాన్నది ఒకటే మాట.

"బతికుండగా నన్ను సాగనంపుతారేటి? ఆ జీపు నానెక్కను. ఎల్తే నా సేత్తో నానే తోలుకుని ఎల్తాను."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే నీ డొక్కు కారే బాగుచేయిస్తాను, పలాస స్టేషన్ దాకా నువ్వే నడుపుకుని వెళ్ళి రైలెక్కు, అప్పుడు ఏం సాకు చెబుతావో చూస్తాను అన్నాను. పంతానికి అన్న మాట. నాన్న మాత్రం సరే అనేశాడు. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు.

పలాసలో మా మేనత్త కొడుక్కి లారీల షెడ్డుంది. నాకు బావ. కబురు పెడితే ట్రాక్టరుతో కారుని లాక్కుపోయాడు. మర్నాడు మేం ముగ్గురం వెళ్ళేసరికి కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అక్కడి నుంచే అమ్మని పిలిచాడు.

"అత్తా, నీ నూనే దీన్ని కాసింది. అడుగున రేకు సెక్కు సెదరలేదు, సూడు."

నాన్న వంగి చూశాడు. వేలితో గీకి చూశాడు. లేచి అమ్మతో, సీట్లకి పుయ్యకుండా ఉంటే ఇంకా బాగుండేది అన్నాడు. మా ఇంట్లో అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

ఆ నూనె వదిలించడానికి బావ అరచేతులు పొక్కిపోయాయి. కొబ్బరినూనె రాసుకుంటూ, అత్తని తిట్టలేక కారుని తిట్టుకుంటూ పని చేశాడు. సొట్టలు తీయడానికి కొబ్బరి మొద్దుకి గుంట తొలిచాడు. పక్కన మంచం మీద కూర్చుని నాన్న ఇటలీ కమ్మరులు ఎలా కొట్టేవారో చెబుతుంటే, నువ్వెప్పుడు సూసినావు మావా అని నవ్వేవాడు, కానీ అలాగే కొట్టేవాడు. ఇంజను సంగతి తేలిగ్గా తేలింది. ఆ ఇటలీ కంపెనీ ఇంజను సంతతే బొంబాయిలో తయారైన కార్లలోనూ ఉండేది. శ్రీకాకుళంలో మూలపడ్డ ఒక పెళ్ళిళ్ళ కారు కార్బురేటర్ తెచ్చి బిగిస్తే అతికినట్టు సరిపోయింది.

ఈలోగా నాన్న ముఖం కూడా పొంగింది. మెట్టెక్కితే ఆయాసం. నాకు భయంతో నిద్ర పట్టేది కాదు. రంగు తర్వాత చూసుకుందాం బావా అని పోట్లాడాను. నాన్న ఎరుపు పడాల్సిందే అన్నాడు. బావ ఇద్దరి మాటా విని ఒక్క పూత ఎరుపు వేసి, ఆరీ ఆరకముందే కారుని ఇంటికి తెచ్చేశాడు.

బయలుదేరిన పొద్దున ఊరు అలవాటు ప్రకారం వచ్చింది. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు అందుకున్నారు. నాన్న స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాడు. ఆ కారు మోతకి కోళ్ళు గోడెక్కాయి, పాస్టరుగారు ఆమెన్ సగంలో ఆపి నవ్వేశారు. ఆయన నవ్వాక ఊరికి ఏడవడానికి వీల్లేకపోయింది. అమ్మ పక్కన కూర్చుంది. నేను బావ మోటారు సైకిలు మీద వెనకాల వెళ్ళాను. జీడితోటల మధ్య ఆయన గేరు మార్చినప్పుడల్లా నాకు దేవుడికి దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. మా నాన్న డయాలసిస్‌కి వెళ్ళాడు, వారానికి రెండుసార్లు అదే కారులో స్టేషన్ దాకా. ఆ తర్వాత కొన్నేళ్ళు మాతో బతికాడు. ఆ ఏళ్ళు నాకు దక్కాయి.

రెండో వారం అనుకుంటాను, ఒక సాయంత్రం పక్కింటాయన వచ్చాడు. నాన్నకన్నా చిన్నవాడు. కొబ్బరి రైతు. డాక్టరు తనకీ అదే మాట చెప్పాడని, ఇంట్లో దాచి తిరుగుతున్నాడని మాకు తెలీదు. కారు చుట్టూ తిరిగాడు, టైరు నొక్కి చూశాడు, లీటరుకి ఎంత ఇస్తుందని అడిగాడు. వెళ్ళబోయి ఆగాడు.

"మావా, నన్ను కూడా టేసను కాడికి తీసుకెల్తావేటి?"

నాన్న ఆయన కాళ్ళ వైపు చూశాడు.

"రేపు నాకు డయాలసిస్ ఉంది. పొద్దున్నే వొచ్చి కూకో."

గుమ్మంలో ఉన్న అమ్మ ఆ మాట విని లోపలికి వెళ్ళి, మర్నాటి సంచీ సర్దడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, జీపు ఎక్కనని మొండికేసిన వాళ్ళు ఎందరో అమ్మ కూర్చునే ఆ రెండో సీట్లో కూర్చున్నారు. అమ్మ మాత్రం చీకటితోనే లేచి, మొదటి బస్సెక్కి, వాళ్ళకన్నా ముందే పలాస స్టేషన్ చేరి, రైలు దగ్గర నాన్న కోసం నిలబడి ఉండేది.