ఐదు పిన్నుల ప్లగ్గు

దుబాయ్ అల్ ఖూజ్‌లో ఓ షెడ్డులో, ఆవిరి పుట్టించే ఎలక్ట్రిక్ వేపరైజర్లు బాగుచేసే సనావుల్లాది కడప. తొమ్మిదేళ్లుగా అతని కోపమంతా ఒక ప్లగ్గు మీదే. వేడెక్కే కాయిల్‌కూ, దాన్ని నడిపే కంట్రోలర్ పెట్టెకూ కంపెనీలన్నీ అదే ఐదు పిన్నుల ప్లగ్గు పెడతాయి. లోపలి వైర్ల వరస మాత్రం ఎవడిష్టం వాడిది. ఏ పెట్టెలోనైనా ఏ కాయిలైనా దూరుతుంది, కరెంటు ఎటు పోతుందో అల్లాకే తెలియాలి. అందుకే సరిపడే జతలకు అతను ఒకే రంగు దారం కట్టేవాడు.

"కస్టమర్ల ముంగట గీ తాయెత్తులేంది? ప్లగ్గు సక్కగ కూసుంటది గదా, ఖలాస్!" అంటూ హైదరాబాదీ సూపర్‌వైజర్ ఆసిమ్ ఆ పొద్దున దారాలన్నీ కత్తిరించి పారేశాడు.

మధ్యాహ్నం పక్క బల్ల దగ్గర పనిచేసే దయాకర్ గావుకేక పెట్టాడు. అతను పట్టుకున్నది, దారం లేక వేరే పెట్టెకు తగిలించిన కాయిల్. కరెంటు అతని పిడికిలిని దానికే పట్టేసింది, ఒళ్లంతా ఎగిరెగిరి పడుతోంది. సనావుల్లా చెక్క స్టూలెత్తి వైరు తెగేదాకా బాదాడు. చెయ్యి ఊడివచ్చింది. అరచేతి తోలు మాత్రం కాయిల్‌కే అంటుకుని ఉండిపోయింది.

దయాకర్‌ను అంబులెన్సు ఎక్కించి వచ్చిన సనావుల్లా, ఆసిమ్ కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఆసిమ్ పెదవి చిట్లి నెత్తురు కారింది. అలాగే బల్ల దగ్గరకు ఈడ్చుకొచ్చి, ఇంకో కాయిల్ తీసి అదే పెట్టెకు తగిలించాడు. స్విచ్చి వేయలేదు.

"ప్లగ్గు కూచుంది గదా భాయ్. పట్టుకో."

ఆసిమ్ రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.